వాన లేని రాత్రి కారే రేకు

పుష్య మాసం. ఆకాశంలో మబ్బు తునక లేదు. చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. అయినా తెల్లవారేసరికి రేకుల షెడ్డు లోపల బల్ల మీద నీటి చుక్కలు, నేల మీద తడి మచ్చలు, సుత్తి మీద, రంపం మీద ఎర్రటి తుప్పు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. కానీ ఇది వాన కాదు. మరి నీళ్లు ఎక్కడివి?

ఈ ప్రశ్నకు జవాబు మన పదకొండో తరగతి భౌతికశాస్త్రంలోనే ఉంది. పరీక్షలో రెండు మార్కులకు రాసే ‘సాంద్రీకరణం’ అనే మాట, ఇంటి వెనక షెడ్డులో పనిచేసుకునే మనిషి పనిముట్ల మీదికి, కొన్నిసార్లు ప్రాణం మీదికి ఎలా వస్తుందో, దాన్ని ఎలా ఆపవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

మేము ఖరగ్‌పూర్‌లో చదువుకునే తెలుగు విద్యార్థులం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దలు చాలామంది చేతిలో ఉన్న పనిని వదులుకోలేక ఇంటి వెనక చిన్న షెడ్డు వేసుకుంటారు. ఒకరు తలుపులు, కిటికీలు చేస్తారు. ఒకరు గ్రిల్లులు వెల్డింగ్ చేస్తారు. ఇంకొకరు మోటార్లు చుడతారు. పైకప్పు మాత్రం అందరిదీ ఒకటే: ముడతల జింకు రేకు. అందుకే ఈ విషయం మాకు పుస్తకంలోనిది కాదు, పెరటిలోనిది.

రేకు కథ

ముడతలు పెట్టిన ఇనుప రేకుకు 1829లో లండన్‌లో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. పలుచని రేకును అలలుగా వంచితే దాని బలం ఎన్నో రెట్లు పెరుగుతుందన్నదే అందులోని కీలకం. ఒక కాగితాన్ని విసనకర్రలా మడిచి చూస్తే ఆ సంగతి మనకే తెలుస్తుంది. 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ ఇనుము మీద జింకు పూత పూసే పద్ధతికి పేటెంటు పొందాడు. ఈ రెండూ కలిసి, తేలికగా, చవకగా, త్వరగా వేసుకోగల పైకప్పు ప్రపంచమంతా పాకింది. 1897 జూన్ 12న వచ్చిన పెద్ద భూకంపం తరువాత షిల్లాంగులోనూ, అస్సాంలోనూ బరువైన రాతి ఇళ్ల స్థానంలో చెక్క చట్రాలు, తేలికపాటి గోడలు, రేకు కప్పులు ఉన్న ఇళ్లు విస్తరించాయి.

రేకుకు ఉన్న సుగుణాలే దానికి లోపాలు కూడా. పలుచగా ఉంటుంది కనుక ఎండకు నిమిషాల్లో కాలిపోతుంది, రాత్రికి నిమిషాల్లో చల్లబడుతుంది. మట్టి పెంకు అయితే కొంత తేమను తనలోకి పీల్చుకుని పగలు ఎండకు వదిలేస్తుంది. తాటాకు కప్పు మందంగా ఉంటుంది, దాని పొరల మధ్య గాలి నిలుస్తుంది. రేకు పీల్చుకోదు, ఆపుకోదు. దాని మీద చేరిన ప్రతి చుక్కా కిందికి జారవలసిందే.

గాలి ఎంత నీటిని మోస్తుంది?

గాలిలో ఎప్పుడూ కంటికి కనబడని నీటి ఆవిరి ఉంటుంది. ఒక ఘనపు మీటరు చోటులో ఎంత ఆవిరి ఇమడగలదన్నది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 30 గ్రాములు, 25 వద్ద 23 గ్రాములు, 20 వద్ద 17 గ్రాములకు కాస్త పైన, 15 వద్ద దాదాపు 13 గ్రాములు, 10 వద్ద 9 గ్రాములకు కాస్త పైన. అంటే వెచ్చటి గాలిది పెద్ద సంచి, చల్లటి గాలిది చిన్న సంచి అనుకోండి. పెద్ద సంచిలోని సరుకును చిన్న సంచిలోకి మార్చబోతే మిగిలింది బయట పడుతుంది. ఆ బయట పడినదే నీటి చుక్క.

ఏ ఉష్ణోగ్రతకు చల్లబడితే ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో దాన్ని ‘డ్యూ పాయింట్’ అంటారు. ఈ వ్యాసంలో మనం దాన్ని ‘మంచు మెట్టు’ అని పిలుచుకుందాం. షెడ్డులో గాలి 20 డిగ్రీల వద్ద ఉండి, అందులో సాపేక్ష ఆర్ద్రత 85 శాతం ఉంటే, ఘనపు మీటరుకు దాదాపు 14.7 గ్రాముల ఆవిరి ఉన్నట్టు. ఆ గాలికి మంచు మెట్టు 17 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. రేకు 14 డిగ్రీలకు దిగిందంటే దాని అడుగున తడి చేరక తప్పదు.

రేకు గాలికన్నా చల్లగా ఎలా అవుతుంది?

ఇక్కడే చాలామందికి సందేహం వస్తుంది. రేకుకు పైనా గాలే, కిందా గాలే. మధ్యలో ఉన్న రేకు ఆ రెండింటికన్నా చల్లగా ఎలా ఉంటుంది?

జవాబు ఆకాశంలో ఉంది. ప్రతి వస్తువూ తనలోని వేడిని కనబడని కిరణాల రూపంలో నిరంతరం బయటికి పంపుతుంటుంది. మబ్బు లేని రాత్రి రేకు ఆకాశంలోకి వేడిని పంపుతుంది కానీ ఆకాశం నుంచి తిరిగి వచ్చేది తక్కువ. ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. అందుకే రేకు చుట్టూ ఉన్న గాలికన్నా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. మబ్బు పట్టిన రాత్రి మబ్బులు వేడిని తిరిగి పంపుతాయి. గాలి బాగా వీచే రాత్రి ఆ గాలే రేకుకు వేడిని అందిస్తుంది. కనుక మబ్బూ గాలీ లేని చుక్కల రాత్రే రేకు ఎక్కువగా కారుతుంది.

మన దేశంలో ఈ సంగతి చాలాకాలంగా తెలుసు. అలహాబాదులో గాలి గడ్డకట్టే చలికి చేరని శీతాకాలపు రాత్రుల్లో కూడా నేలలో గుంటలు తీసి, వాటిలో ఎండు కాడలు మందంగా పరిచి, పైన లోతు తక్కువ మట్టి మూకుళ్లలో నీరు పోసి తెల్లవారేసరికి మంచుగడ్డలు తీసేవారు. ఆ పద్ధతిని చూసిన సర్ రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. కింది కాడలు నేల వేడిని అడ్డుకుంటాయి, పైన నిర్మలమైన ఆకాశం వేడిని లాగేస్తుంది. 1814లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు మంచు మీద రాసిన గ్రంథంలో ఇలాంటి ప్రయోగాలే ఉన్నాయి. ఎత్తుగా నిలిపిన పలక పైన కొంత ఊలు, దాని కింద అంతే ఊలు పెట్టి తెల్లవారి తూచాడు. ఆకాశాన్ని చూస్తున్న ఊలు ఎక్కువ తడి పట్టింది. పలక చాటున ఉన్నది తక్కువ పట్టింది. చెట్టు కింద గడ్డి మీద మంచు తక్కువగా ఉండటానికీ కారణం ఇదే.

కారుతున్నదా, చెమర్చుతున్నదా?

మాకు తెలిసిన ఒక బాబాయిగారు ఫిట్టరుగా రిటైరై ఇప్పుడు వడ్రంగం చేస్తున్నారు. ఆయన షెడ్డు వేసిన మేస్త్రి మీద రెండు శీతాకాలాలుగా కోపంగా ఉన్నారు. బోల్టుల దగ్గర కారుతోందని వాషర్లన్నీ మార్పించారు, సిలికాన్ పూయించారు. అయినా బల్ల తడుస్తూనే ఉంది.

“బాబాయ్, రాత్రి వాన పడిందా?” అని అడిగాం.

“వానెక్కడిది రా! దీపావళి తరవాత చినుకు లేదు.”

“మరి వానాకాలంలో ఎంత కారింది?”

ఆయన కాసేపు ఆలోచించి, “వానాకాలంలో కారలేదు” అన్నారు.

ఆ ఒక్క మాటతో సగం రోగం తెలిసినట్టే. పైకప్పు బాగుచేయడానికి డబ్బు ఖర్చుపెట్టే ముందు ఈ నాలుగూ చూసుకోవాలి.

మొదటిది కాలం. వానకు కారితే కంత. వాన లేని నిర్మలమైన రాత్రి కారితే చెమ్మ. రెండోది చోటు. కంత అయితే ఒక బోల్టు దగ్గరో, రెండు రేకులు కలిసే చోటో ధారగా కారుతుంది. చెమ్మ అయితే రేకు అడుగంతా సన్నని ముత్యాల్లా పరుచుకుని, వాలు వెంట జారి అడ్డ పట్టీల దగ్గర ఆగి చుక్కలుగా పడుతుంది. అందుకే బోల్టు దగ్గరే కారుతున్నట్టు భ్రమ కలుగుతుంది, ఎందుకంటే బోల్టులు ఉండేదీ పట్టీల మీదే. మూడోది గంట. చెమ్మ తెల్లవారుజామున ఎక్కువ. ఎండ ఎక్కగానే కొద్దిసేపు జోరుగా రాలి ఆగిపోతుంది. నాలుగోది గుడ్డ పరీక్ష. సాయంత్రం రేకు అడుగున ఒక చోట పొడి గుడ్డతో తుడిచి సుద్దతో గుర్తు పెట్టండి. తెల్లవారి గుర్తు లోపలంతా సమానంగా తడి ఉంటే అది గాలి నుంచి వచ్చినదే.

నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న షెడ్డులో దాదాపు 27 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. పైన చెప్పుకున్న 20 డిగ్రీల, 85 శాతం ఆర్ద్రత గల గాలి మొత్తం 14 డిగ్రీలకు చల్లబడిందనుకుంటే, ఘనపు మీటరుకు 2.6 గ్రాముల చొప్పున 70 గ్రాముల నీరు మాత్రమే బయట పడుతుంది. అంటే ఒక చిన్న టీ గ్లాసుడు. కానీ 11 చదరపు మీటర్ల రేకు అడుగున మిల్లీమీటరులో పదో వంతు మందం నీటి పొర పట్టినా అది లీటరుకు పైనే. ఆ గదిలో మూసి ఉన్న గాలి ఒక్కటే అంత నీటిని ఇవ్వలేదు. అంటే ఎక్కడి నుంచో కొత్త ఆవిరి వస్తూనే ఉంది.

అది వచ్చే దారులు ఇవి. మొదటిది నేల. మట్టి నేల నుంచి, కింద ప్లాస్టిక్ పొర లేకుండా వేసిన గచ్చు నుంచి తేమ రాత్రంతా పైకి వస్తుంది. రెండోది మనుషులు. మన ఊపిరిలోనూ, చెమటలోనూ నీరుంది. మూడోది మంట. వంట గ్యాసులో ఉండే ప్రొపేన్‌ను తీసుకుంటే, రసాయన సమీకరణం ప్రకారం 44 గ్రాములు మండితే 72 గ్రాముల నీటి ఆవిరి పుడుతుంది. అంటే కిలో గ్యాసు కాలిస్తే కిలోన్నరకు పైగా నీరు గాలిలో కలుస్తుంది. షెడ్డులో బంక ఉడికించినా, టీ కాచినా ఆ ఆవిరంతా రేకు కిందికే చేరుతుంది. నాలుగోది పచ్చి కలప. అప్పుడే కోసిన దుంగ ఆరే కొద్దీ లీటర్ల కొద్దీ నీరు వదులుతుంది. అయిదోది బయటి గాలి. శీతాకాలపు రాత్రి బయటి గాలి ఆర్ద్రత తెల్లవారుజాముకు బాగా పెరుగుతుంది. కిటికీలు తెరిచి ఉంటే అది లోపలికి వస్తూనే ఉంటుంది.

ఈ చివరి మాట ముఖ్యమైనది. ‘గాలి ఆడనిస్తే చాలు, తడి పోతుంది’ అని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. నాలుగు వైపులా తెరిచి ఉన్న పశువుల పాక రేకు కూడా చుక్కల రాత్రి కారుతుంది. ఎందుకంటే అక్కడ గాలి కొరత లేదు, చల్లటి రేకుకు తడి గాలి తగలకుండా ఆపేది లేదు.

ఏం చేయాలి?

పని మూడు మెట్లలో సాగుతుంది: తేమ పుట్టుకను తగ్గించడం, తడి గాలికీ చల్లటి రేకుకూ మధ్య అడ్డు పెట్టడం, మిగిలిన తేమను పగలు బయటికి పంపడం. ఈ వరుస ముఖ్యం. తక్కువ ఖర్చుతో అయ్యేది ముందు చేయాలి.

మొదటి మెట్టు నేల. ఒక మూర పొడవు, మూర వెడల్పు ఉన్న పాలిథీన్ ముక్కను గచ్చు మీద పరిచి నాలుగంచులూ టేపుతో గట్టిగా అంటించి ఒక రోజు ఉంచండి. తరువాత దాని అడుగున తడి కనిపిస్తే నేల తేమ వదులుతోందని అర్థం. కొత్తగా గచ్చు వేయించేవారు కింద మందపాటి పాలిథీన్ షీటు పరిపించాలి. ఇప్పటికే ఉన్న మట్టి నేల మీద షీటు పరిచి దాని మీద ఇటుకలో, పలకలో వేసినా లాభమే. షెడ్డు చుట్టూ నీరు నిలవకుండా వాలు చేయాలి. పచ్చి కలపను, ఉతికిన బట్టలను, నీటి డ్రమ్ములను బయట ఉంచాలి. టీ పొయ్యిని షెడ్డులోంచి తీసేయాలి.

రెండో మెట్టు అడ్డు. ఇందులో చేతిలో ఉన్న డబ్బును బట్టి దారులున్నాయి.

కొత్త షెడ్డు వేసేవారికి అన్నిటికన్నా మంచిది పఫ్ ప్యానెల్. రెండు రేకుల మధ్య నురుగు నింపి ఫ్యాక్టరీలోనే తయారుచేస్తారు. పై రేకు ఎంత చల్లబడినా లోపలి రేకు గది గాలి వెచ్చదనానికి దగ్గరగానే ఉంటుంది. మంచు మెట్టుకు దిగదు కనుక తడి పట్టదు. అడుగున దూది లాంటి పొర అంటించిన రేకులు కూడా వస్తాయి. ఆ పొర రాత్రి పడిన తడిని పట్టి ఉంచి, పగలు ఆరబెడుతుంది. మట్టి పెంకు చేసే పనినే అది చేస్తుంది. అయితే పగలు ఆరడానికి గాలి ఆడాలి.

ఉన్న షెడ్డును బాగుచేసుకునేవారు రేకు అడుగున అంగుళం, అంతకన్నా మందం ఉన్న నురుగు పలకలు బిగించుకోవచ్చు. రెండు వైపులా వెండి రంగు పొర, మధ్యలో గాలి బుడగలు ఉండే చుట్టలు కూడా దొరుకుతాయి. ఇవి చవక, కానీ పలుచన. తేమ ఎక్కువగా ఉన్న చోట అవి ఒక్కటే చాలకపోవచ్చు. ఏది వాడినా ఒక నియమం మరవకూడదు: అతుకులన్నీ టేపుతో మూయాలి. సందులు వదిలితే తడి గాలి వెనక్కు చేరి, మన కంటికి కనబడని చోట రేకును తడుపుతుంది. అప్పుడు బల్ల పొడిగానే ఉంటుంది, రేకు మాత్రం లోలోపల తుప్పు పడుతుంది.

వెల్డింగ్, గ్రైండింగ్ చేసే షెడ్డులో థర్మాకోల్ గానీ, మామూలు నురుగు గానీ బయటికి కనబడేలా వేయకూడదు. ఒక్క నిప్పురవ్వ చాలు. అది మండితే వచ్చే పొగ విషం. అలాంటి చోట మంటకు అంటుకోని రాక్ వూల్ వేసి, కింద రేకు గానీ సిమెంటు బోర్డు గానీ బిగించాలి. ఈ ఉన్నిని ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి.

అంత ఖర్చు పెట్టలేనివారికి ఒక దారి ఉంది. రేకుకు జానెడు కిందుగా పరదాను వాలుగా కట్టి, దాని దిగువ అంచు గోడ దాటి బయటికో, చిన్న గొట్టంలోకో వచ్చేలా చేయాలి. ఇది చెమ్మను ఆపదు, కానీ రాలిన నీటిని పనిముట్ల మీద పడనివ్వకుండా బయటికి నడిపిస్తుంది. మా బాబాయిగారు ముందు ఇదే చేశారు. బల్ల పొడిబారింది. తరువాత నెమ్మదిగా నేల సంగతి చూసుకున్నారు.

షెడ్డు మీదికి సొరపాదో గుమ్మడిపాదో పాకించడం మన పల్లెల్లో అలవాటే. ఆకులు రేకును ఆకాశానికి కనబడకుండా కప్పుతాయి కనుక మంచు ఆకుల మీదే పడుతుంది. కానీ రాలిన ఆకులు రేకు మీద కుళ్లి తడిగా నిలిస్తే తుప్పు పుడుతుంది. పంట అయిపోగానే శుభ్రం చేసుకోవాలి.

తెల్ల రంగు విషయం కూడా చెప్పాలి. వేసవిలో కప్పు వేడిని తగ్గించడానికి తెల్ల పూతలు బాగా పనిచేస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసమే కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. కానీ అది పగటి ఎండకు మందు. రాత్రి చెమ్మకు కాదు. రంగు వేసిన రేకు, మెరిసే కొత్త జింకు రేకుకన్నా రాత్రి వేడిని ఎక్కువగానే వదులుతుంది. కనుక తెల్ల రంగు వేస్తే కారడం ఆగుతుందని ఆశపడకూడదు.

మూడో మెట్టు గాలి. శీతాకాలంలో మధ్యాహ్నపు గాలి వెచ్చగా, పొడిగా ఉంటుంది. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా తలుపులు, కిటికీలు తెరిచి షెడ్డును ఆరనివ్వాలి. పైన ఒక చోట, కింద ఒక చోట కంతలుంటే వెచ్చటి గాలి పైనుంచి పోయి కిందినుంచి కొత్త గాలి వస్తుంది. పొద్దు వాలాక, లోపల ఎవరూ లేనప్పుడు మూసేయాలి. మనిషి ఉండగా, పొయ్యిగానీ కుంపటిగానీ వెలుగుతుండగా మాత్రం ఎప్పుడూ మూయకూడదు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తడికన్నా అది పెద్ద ప్రమాదం.

పనిముట్లు, కరెంటు

సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టడం వేగం అందుకుంటుంది. చుక్క పడనక్కరలేదు, తడి గాలి చాలు. కనుక రేకును బాగుచేసేలోపే పనిముట్లను కాపాడుకోవాలి. పని అయ్యాక చేతి చెమట తుడిచి, మెషిన్ ఆయిల్ పలుచగా రాసి, మూత గట్టిగా పడే పెట్టెలో పెట్టాలి. గాలిని కాస్త వెచ్చబరిచినా ఫలితం ఉంటుంది. మన లెక్కలోని గాలినే 20 నుంచి 25 డిగ్రీలకు వెచ్చబరిస్తే, నీరు అంతే ఉన్నా, ఆర్ద్రత 85 నుంచి 64 శాతానికి దిగుతుంది. బీరువాలో చిన్న పాత బల్బు వెలిగించి ఉంచే అలవాటు వెనక ఉన్న శాస్త్రం ఇదే. ఆ బల్బుకు దగ్గరలో గుడ్డ, నూనె, రంపపు పొట్టు లేకుండా చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కరెంటు. స్విచ్ బోర్డు మీద, డ్రిల్లింగ్ మిషను మీద, వెల్డింగ్ సెట్టు మీద చుక్క పడి, దాన్ని తడి చేత్తో తాకితే ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు. చుట్టూ ఇనుప చట్రం ఉన్న షెడ్డులో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. బోర్డును రేకుకు దూరంగా గోడ మీద పెట్టించాలి. సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పక ఉండాలి. కరెంటు లీకైన క్షణంలోనే అది సరఫరాను కత్తిరిస్తుంది. ఉదయం రేకు కారిన రోజు ముందు మెయిన్ ఆపి, తడి తుడిచి, ఆరాకే పని మొదలుపెట్టాలి.

మంచు పడిన రేకు మీదికి ఎక్కడం మరో ప్రమాదం. పాచి పట్టిన గట్టులా జారుతుంది. బాగుచేసే పని ఎండలో, పెద్దల చేత, అనుభవం ఉన్న మేస్త్రి చేత జరగాలి. విద్యార్థులు చేయవలసినవి కింద నిలబడి చూడటం, కొలవడం, లెక్క కట్టడం.

మీరూ చేసి చూడండి

మంచు మెట్టును కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. మెరిసే స్టీలు గ్లాసు, నీరు, కొన్ని ఐసు ముక్కలు, ల్యాబులోని థర్మామీటరు చాలు. గ్లాసులో గది వేడిమికి ఉన్న నీరు పోసి, ఐసు కొద్ది కొద్దిగా వేస్తూ కలపండి. గ్లాసు బయటి మెరుపు మసకబారిన క్షణంలో నీటి ఉష్ణోగ్రత చూడండి. అదే ఆ గదికి ఆ వేళ మంచు మెట్టు. గ్లాసు మీద మన ఊపిరి తగలకుండా దూరంగా నిలబడాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

రెండో ప్రయోగానికి రెండు స్టీలు పళ్లాలు, ఒక గొడుగు కావాలి. నిర్మలమైన రాత్రి డాబా మీద ఒక పళ్లాన్ని ఆరుబయట, రెండోదాన్ని తెరిచిన గొడుగు నీడలో ఉంచండి. సూర్యోదయానికి ముందే లేచి రెండింటినీ వేలితో తాకి చూడండి. మబ్బు పట్టిన రాత్రి మళ్లీ చేసి పోల్చండి. 1814లో వెల్స్ చెప్పినది మీ డాబా మీదే తేలుతుంది.

కేంద్రీయ విద్యాలయాల్లో చదివే మనలో చాలామంది తల్లిదండ్రుల బదిలీలతో ఊళ్లు మారేవాళ్లమే. జోధ్‌పూర్‌లో పొడి గాలి, విశాఖలో సముద్రపు గాలి, షిల్లాంగులో కొండ మంచు. ఊరు మారితే మంచు మెట్టు మారుతుంది, నియమం మారదు. మీ ఇంటి దగ్గర రేకు కింద పనిచేసుకునే వడ్రంగి, వెల్డరు, దర్జీ, మెకానిక్ ఎవరైనా ఉంటే ఒక్కసారి అడగండి: “వాన లేని రోజు మీ కప్పు కారుతుందా?” అవునంటే, మేస్త్రిని తిట్టకముందే, సిలికాన్ కొనకముందే, ఆయనతో కలిసి నేల మీద మూరెడు పాలిథీన్ ముక్క అంటించి చూడండి.